15 శాతం గోడ, 14.27 శాతం ఓటు: చెక్ నాలుగు పార్టీల కూటమి ఎందుకు విరిగింది?

పొత్తుల లెక్కలు చూసే పనిలో ఉన్నవాళ్లకి మన దగ్గర కేసులకి కొదవ లేదు. ఎవరిని కదిపినా 2018 తెలంగాణ మహాకూటమి గురించి ఒక గంట, 2024 ఆంధ్రప్రదేశ్ కూటమి గురించి రెండు గంటలు మాట్లాడతారు. మా టీమ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలకి మాత్రం నేను మొదట చెక్ రిపబ్లిక్ కేసు చెప్తాను. ఊరు కాదు, పేరు కాదు, నాయకుల మీద మనకి ప్రేమా లేదు, కోపమూ లేదు, కాబట్టి లెక్క మీద దృష్టి నిలుస్తుంది.

కేసు ఇది. 1998లో నాలుగు సెంటర్-రైట్ పార్టీలు, వాటిలో పెద్దది క్రిస్టియన్ డెమొక్రాట్లది, కలిసి ఒక కూటమి కట్టాయి. రెండేళ్లలో ఎగువ సభ సెనేట్‌లో దాదాపు సగం సీట్లు వాళ్లవే అయ్యాయి, సర్వేల్లో ముందు వరుసలోకి వచ్చారు, కాబోయే ప్రధాని ఎవరనే చర్చ కూడా మొదలైంది. 2002 జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి కూటమే లేదు. ఇంకో నాలుగు నెలల్లో ఎన్నికలు.

ఎవరినడిగినా రెండు కారణాలు చెప్తారు: ఒక పార్టీకి అప్పులున్నాయి, నాయకులకి ఒకరంటే ఒకరికి పడలేదు. రెండూ నిజమే. కానీ అవి సాకులని నా అభిప్రాయం. ఈ కూటమి ఒక రకం ఎన్నికల కోసం పుట్టి, ఇంకో రకం ఎన్నికల నిబంధనకి తగిలి విరిగింది. మిగతా గొడవలన్నీ ఆ పగులు చుట్టూ చేరినవే.

వీళ్లు ఎందుకు కలిశారు

1997 నవంబర్‌లో ప్రధాని వాత్స్లావ్ క్లౌస్ పార్టీ ఓడీఎస్ మీద విరాళాల కుంభకోణం బయటపడింది. ప్రభుత్వంలో ఉన్న చిన్న పార్టీలు రెండూ, అంటే క్రిస్టియన్ డెమొక్రాట్ల కేడీయూ, ఇంకా ఓడీఏ, బయటికి వచ్చేశాయి. క్లౌస్ రాజీనామా చేశారు. ఆయన పార్టీలోంచే అలిగి వచ్చినవాళ్లు 1998 జనవరిలో ఫ్రీడమ్ యూనియన్ అని కొత్త పార్టీ పెట్టారు, నాయకుడు యాన్ రుమ్ల్.

అదే ఏడాది జూన్‌లో ఎన్నికలు. మొత్తం 200 సీట్లలో సోషల్ డెమొక్రాట్లకి 74, ఓడీఎస్‌కి 63, కమ్యూనిస్టులకి 24, కేడీయూకి 20, ఫ్రీడమ్ యూనియన్‌కి 19. సాధారణంగా చూస్తే ఓడీఎస్, కేడీయూ, ఫ్రీడమ్ యూనియన్ కలిస్తే 102, రైట్ వాళ్ల ప్రభుత్వం వచ్చేయాలి. కానీ తన వీపున పొడిచారని క్లౌస్ అనుకుంటున్న మనుషులే అటు పక్క కూర్చున్నారు. వాళ్లతో కలిసే బదులు ఆయన జూలైలో బద్ధశత్రువు, సోషల్ డెమొక్రాట్ల నాయకుడు మిలోష్ జెమన్‌తో ఒప్పందం చేసుకున్నారు. జెమన్ మైనారిటీ ప్రభుత్వం నడుపుతారు, క్లౌస్ దాన్ని పడగొట్టరు, బదులుగా క్లౌస్‌కి దిగువ సభ స్పీకర్ పదవి. దీన్ని ప్రతిపక్ష ఒప్పందం అన్నారు. పేరులోనే ఉంది వ్యంగ్యం, ఎన్నికల ప్రచారం మొత్తం ఒకరినొకరు దేశానికి ముప్పు అని తిట్టుకున్నవాళ్లు వీళ్లు.

ఆ ఒప్పందం బయట మిగిలిపోయిన సెంటర్-రైట్ అంతా ఒక చోట చేరింది. కేడీయూ, ఫ్రీడమ్ యూనియన్, ఓడీఏ, వాటితోపాటు డీఈయూ అనే చిన్న పార్టీ. ఆ శరదృతువులో వచ్చిన సెనేట్ ఎన్నికల కోసం చేతులు కలిపారు. మరుసటి ఏడాది, 1999 సెప్టెంబర్ 28న, చెక్ దేశపు రక్షక సాధువు సెయింట్ వాత్స్లావ్ పండుగ నాడు, 2002 ఎన్నికల దాకా కలిసే ఉంటామని సంతకాలు పెట్టారు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. కేడీయూ అధ్యక్షుడు యోసెఫ్ లుక్స్. 1990 నుంచి పార్టీని నడిపి, కమ్యూనిస్టుల కాలంలో తోక పార్టీగా బతికిన దాన్ని మళ్లీ గౌరవంగా నిలబెట్టిన మనిషి. అందరితో మాట్లాడగలడు. 1998 సెప్టెంబర్‌లో లుకేమియా అని తెలిసి పదవి వదిలేశారు, మరుసటి ఏడాది నవంబర్‌లో అమెరికాలోని సియాటిల్‌లో చనిపోయారు. అంటే ఈ కూటమిని కూర్చోబెట్టి నడపగలిగిన పెద్దమనిషి అది నడక నేర్చే లోపే పోయారు. వ్యక్తుల వల్ల చరిత్ర మారదని వాదించేవాళ్లతో నేను గొడవ పడను కానీ, పొత్తు బల్ల దగ్గర అందరూ నోరు మూసుకుని వినే మనిషి ఒక్కరైనా ఉండటం ఎంత అవసరమో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి తెలుసు.

సెనేట్: ఇక్కడ పొత్తు బంగారం

చెక్ సెనేట్‌లో 81 సీట్లు. రెండేళ్లకోసారి మూడో వంతుకి, అంటే 27 సీట్లకి, ఎన్నికలు. మన అసెంబ్లీలాగే నియోజకవర్గానికి ఒక్కరే గెలుస్తారు. తేడా ఏంటంటే మొదటి రౌండ్‌లో ఎవరికీ సగం పైన ఓట్లు రాకపోతే, మొదటి ఇద్దరి మధ్య వారం తర్వాత రెండో రౌండ్.

ఈ పద్ధతిలో మధ్యలో ఉన్నవాడికి ఎంత లాభమో ఆలోచించండి. రెండో రౌండ్‌లో కూటమి అభ్యర్థికి ఎదురుగా ఓడీఎస్ ఉంటే, సోషల్ డెమొక్రాట్ ఓటరు ముక్కు మూసుకుని కూటమికే వేస్తాడు. ఎదురుగా కమ్యూనిస్టు ఉంటే ఓడీఎస్ ఓటరు వచ్చి వేస్తాడు. ఎవరికీ మొదటి ఇష్టం కాకపోయినా అందరికీ రెండో ఇష్టం అయితే చాలు. పైగా రెండో రౌండ్‌కి ఓటర్లలో సుమారు ఐదో వంతు మందే వచ్చేవాళ్లు. జనం రాని ఎన్నికలో తప్పకుండా వచ్చే ఓటరు ఎవరు? ఆదివారం చర్చికి వెళ్లే, దేశం తూర్పు ప్రాంతమైన మొరావియా పల్లె ఓటరు. అతను కేడీయూవాడు.

నలుగురు కలిసి ఒకే అభ్యర్థిని పెట్టడం వల్ల మొదటి రౌండ్ దాటడం తేలికైంది, రెండో రౌండ్ తనంతట తానే కలిసొచ్చింది. 2000 నవంబర్‌లో 27 సీట్లలో 17 వీళ్లవే. ఓడీఎస్‌కి 8, అధికారంలో ఉన్న సోషల్ డెమొక్రాట్లకి ఒకే ఒక్కటి. అదే రోజుల్లో జరిగిన ప్రాంతీయ మండలి ఎన్నికల్లో కూడా ఓడీఎస్‌కి ఒక్క అడుగు వెనకాల రెండో స్థానం. డిసెంబర్‌లో కేడీయూ గ్రూపులో ఉన్న పేతర్ పిట్‌హార్ట్ సెనేట్ అధ్యక్షుడయ్యారు. రాజ్యాంగం మార్చాలంటే రెండు సభల్లోనూ ఐదింట మూడు వంతులు కావాలి కాబట్టి, క్లౌస్-జెమన్ జోడీ ఇక తమకి నచ్చినట్టు మార్చుకునే దారి మూసుకుపోయింది.

ఆ వెంటనే ఇంకో కలిసొచ్చిన సంగతి. 2000 డిసెంబర్‌లో ప్రభుత్వ టీవీకి కొత్త డైరెక్టర్‌గా యిర్జీ హొదాచ్‌ని వేశారు. ఆయన పెద్ద పార్టీల మనిషని జర్నలిస్టులు తిరగబడి న్యూస్‌రూమ్‌ని ఆక్రమించుకుని క్రిస్మస్ సెలవులన్నీ అక్కడే గడిపారు. ఫ్రీడమ్ యూనియన్ నాయకులు కొందరు స్లీపింగ్ బ్యాగులు చంకన పెట్టుకుని వెళ్లి, వాళ్లతోపాటు ఆ నేల మీదే పడుకున్నారు. ఓడీఎస్ వాళ్లు దీన్ని ఏళ్ల తరబడి ఎగతాళి చేశారు, స్లీపింగ్ బ్యాగులవాళ్లు అని. జనం మాత్రం జనవరి మొదట్లో ప్రాగ్ వాత్స్లావ్ చౌక్‌ని నింపేశారు, కొన్ని రోజులకే హొదాచ్ దిగిపోయారు. సర్వేల్లో కూటమి గ్రాఫ్ పైకి లేచింది.

ఇక్కడ ఆగి చూస్తే వీళ్లు విడిపోతారని ఎవరైనా అంటారా?

దిగువ సభ: ఇక్కడ అదే పొత్తు గుదిబండ

అసలు సంగతి ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

చెక్ దిగువ సభకి ఎన్నికలు వేరే పద్ధతి. ప్రాంతానికి ఒక్కో పార్టీ ఒక జాబితా పెడుతుంది, ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు. కాకపోతే దేశం మొత్తం మీద కనీసం 5 శాతం రాని పార్టీకి సున్నా. పొత్తుగా వచ్చేవాళ్లకి ఆ గోడ ఇంకా ఎత్తు. పాత చట్టంలో రెండు పార్టీల పొత్తుకి 7 శాతం, మూడింటికి 9, నాలుగింటికి 11 ఉండేది. 2000లో ఓడీఎస్, సోషల్ డెమొక్రాట్లు కలిసి కొత్త చట్టం తెచ్చారు: రెండు పార్టీలకి 10, మూడింటికి 15, నాలుగింటికి 20.

దేశాధ్యక్షుడు హావెల్ వీటో చేశారు, సభ దాన్ని తోసేసింది, ఆయన రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. 2001 జనవరిలో కోర్టు ఆ చట్టంలో చాలా భాగాలు కొట్టేసింది, ముఖ్యంగా దేశాన్ని 35 చిన్న నియోజకవర్గాలుగా చీల్చి పెద్ద పార్టీలకి లాభం చేసే భాగాన్ని. కూటమి వాళ్లు పండుగ చేసుకున్నారు. కానీ 10-15-20 మెట్లు అలాగే మిగిలాయి.

ఇప్పుడు 1998 ఓట్లు తీసుకుని లెక్కేయండి. కేడీయూకి 9 శాతం. ఫ్రీడమ్ యూనియన్‌కి 8.6. డీఈయూకి ఒకటిన్నర లోపు. ఓడీఏ ఆ ఎన్నికల్లో పోటీయే చేయలేదు, విరాళాల గొడవలో తనే చీలిపోయి తప్పుకుంది. మొత్తం కలిపితే 19 చిల్లర. నాలుగు పార్టీలకి గోడ 20. చట్టం రాసినవాళ్లు ఈ కూడిక వేసుకోకుండానే ఆ అంకె పెట్టారంటే నేనైతే నమ్మను.

సర్వేల్లో 20 పైన కనిపిస్తున్నప్పుడు దీని గురించి ఎవరికీ టెన్షన్ లేదు. సర్వే కాస్త కిందికి దిగగానే ప్రతి పార్టీ ఆఫీసులో ఎవడో ఒకడు క్యాల్‌క్యులేటర్ తీస్తాడు. వాడికి కనిపించేది ఇది: డీఈయూ కూటమికి తెచ్చే ఓటు ఒకటిన్నర శాతం కన్నా తక్కువ, దాన్ని ఉంచుకోవడానికి గోడ పెరిగేది 5 శాతం. ఓడీఏ తెచ్చేది ఎంతో ఎవరికీ తెలియదు, దానివల్ల గోడ పెరిగేది ఇంకో 5.

సెనేట్‌లో చిన్న పార్టీ తెచ్చే రెండు శాతం ఓట్లతో ఒక నియోజకవర్గంలో మొదటి రౌండ్ దాటొచ్చు. దిగువ సభలో అదే రెండు శాతం మొత్తం కూటమిని ముంచొచ్చు. పార్టీలు అవే, మనుషులు అవే, విలువ మాత్రం తలకిందులైంది.

రెండో లెక్క కూడా ఉంది. పొత్తు లేకపోతే ఎవరి గతి ఏంటి? కేడీయూ ఒంటరిగా వెళ్లినా 5 దాటుతుంది, ఆ ఓటరు తాతల కాలం నుంచి ఉన్నాడు. ఫ్రీడమ్ యూనియన్ దాటొచ్చు, దాటకపోవచ్చు. మిగతా రెండూ దాటవు. అంటే బల్ల దగ్గర లేచి వెళ్లిపోతానని బెదిరించగలిగింది ఒక్క కేడీయూనే. నేను చూసిన ప్రతి సీట్ల చర్చలోనూ, ఎవరు ఎంత గట్టిగా అరిచినా, చివరికి మాట నెగ్గింది లేచి వెళ్లగలిగే స్థితిలో ఉన్నవాడిదే. మన దగ్గర ఒక చిన్న పార్టీ నాయకుడు చర్చ మొదలైన దగ్గర్నుంచి మాకు గౌరవం కావాలి గౌరవం కావాలి అంటూనే ఉన్నారు. ఎదుటివాళ్లు బాగా గౌరవించి, కాఫీ ఇచ్చి, గెలవని సీట్లు చేతిలో పెట్టి పంపారు.

ఇక గొడవలు

ఈ లెక్క అడుగున పెట్టుకుని 2001లో ఏం జరిగిందో చూడండి.

ఏడాది మొదట్లో కూటమి నాయకుడిగా, అంటే ప్రధాని అభ్యర్థిగా, కేడీయూకి చెందిన సిరిల్ స్వొబొదాని ఎన్నుకున్నారు. షాడో కేబినెట్‌లో, అంటే గెలిస్తే మంత్రులయ్యేవాళ్ల జాబితాలో, ఎవరుండాలనే దాని మీద గొడవై ఆయన కొన్ని వారాలకే తప్పుకున్నారు. బాధ్యత ఫ్రీడమ్ యూనియన్ అధ్యక్షుడు కారెల్ క్యూన్ల్‌కి వచ్చింది. మే నెలలో అదే స్వొబొదా యాన్ కసల్‌ని ఓడించి కేడీయూ అధ్యక్షుడయ్యారు. మొన్న కూటమి కుర్చీ దిగిపోయిన మనిషి ఇవాళ కూటమిలో అతిపెద్ద పార్టీకి బాస్. జూన్‌లో ఫ్రీడమ్ యూనియన్‌లో క్యూన్ల్ స్థానంలోకి హనా మర్వానొవా వచ్చారు, కమ్యూనిస్టుల కాలంలో జైలుకి వెళ్లొచ్చిన మనిషి, తలొంచే రకం కాదు. ఒక్క ఏడాదిలో బల్ల చుట్టూ ఉన్న ముఖాలు దాదాపు అన్నీ మారిపోయాయి. 1999లో సంతకం పెట్టిన వాళ్ల మాట కొత్తవాళ్లకి ఎంతవరకు కట్టుబాటు? కాగితం మీద ఉంది, మనసులో లేదు.

పైగా ఓటర్లు కూడా వేరు వేరు లోకాలవాళ్లు. కేడీయూ ఓటరు దక్షిణ మొరావియా పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఉండే క్యాథలిక్. ఫ్రీడమ్ యూనియన్ ఓటరు ప్రాగ్‌లో, బ్ర్నోలో చదువుకున్న, చర్చి గడప తొక్కని యువకుడు. క్లౌస్-జెమన్‌లని వ్యతిరేకించడంలో ఇద్దరూ ఒకటే. స్వలింగ జంటల నమోదు గురించో, చర్చి ఆస్తులు తిరిగివ్వడం గురించో అడిగితే ఇద్దరూ చెరో గోడ వైపు తిరుగుతారు. ఒక ఒప్పందాన్ని వ్యతిరేకించడానికి కట్టిన కూటమి ఆ ఒప్పందం గడువు దగ్గర పడేకొద్దీ వదులవడం సహజం.

మధ్యలో ఒక పని మాత్రం పద్ధతిగా జరిగింది. ఫ్రీడమ్ యూనియన్, డీఈయూ ఒకే పార్టీగా విలీనమయ్యాయి, 2002 మొదలయ్యేసరికి పని పూర్తి. బయటికి దీన్ని సిద్ధాంతాల కలయిక అన్నారు. లెక్క ప్రకారం నాలుగు మూడైంది, గోడ 20 నుంచి 15కి దిగింది.

మిగిలింది ఓడీఏ. దాని నెత్తిన 6 కోట్లకి పైగా కొరూనాల (చెక్ కరెన్సీ) పాత అప్పు ఉంది. ముందు అది తేల్చండి, లేకపోతే కలిసి రావడం కుదరదని కేడీయూ పట్టుబట్టింది. అప్పు నిజం, సిగ్గుపడాల్సిన విషయమే, అవినీతి మీద ప్రచారం చేసే కూటమికి అది మచ్చ కూడా. కానీ ఆ అప్పు 1998లోనూ ఉంది, 2000లో 17 సెనేట్ సీట్లు గెలిచినప్పుడూ ఉంది. అప్పుడు ఎవరికీ కంట్లో పడని అప్పు సరిగ్గా దిగువ సభ జాబితాలు రాసే సమయానికే కంట్లో నలుసయింది. జనవరి చివర్లో మాటలు పెరిగాయి, ఫిబ్రవరి మొదట్లో కూటమి ముగిసింది. ఓడీఏ బయటికి, మిగిలిన రెండు పార్టీలూ ‘కోఅలిత్సే’ అనే పేరుతో కలిసి ముందుకి. గోడ ఇప్పుడు 10.

ఫలితం

2002 జూన్ ఎన్నికల్లో వాళ్లకి వచ్చింది 14.27 శాతం. సీట్లు 31.

ఆ అంకెని 15 పక్కన పెట్టి చూడండి. ఓడీఏని ఉంచుకుని ఇవే ఓట్లు తెచ్చుకుని ఉంటే మొత్తం కూటమికి ఒక్క సీటు కూడా వచ్చేది కాదు. ఓడీఏని పంపించినవాళ్ల పక్షం వాదన ఇదే, దీనికి జవాబు చెప్పడం కష్టం.

జవాబు లేదని కాదు. రెండు పార్టీలకి 1998లో విడివిడిగా వచ్చినవి కలిపితేనే 17.6 శాతం, ఇప్పుడు కలిసి వెళ్తే 14.27. కొట్లాడుకుని విడిపోయారు కాబట్టే ఓటు పోయింది, కలిసి ఉంటే 20 దాటేవాళ్లు అని అవతలి పక్షం అంటుంది. నిజమే కావచ్చు. కానీ మన పనిలో ఉన్నవాళ్లు ఎన్నికలకి అయిదు నెలల ముందు, సర్వే కిందికి దిగుతున్నప్పుడు, 20 దాటితేనే బతుకు లేకపోతే సున్నా అనే పందెం క్లయింట్ చేత కాయిస్తారా? నేను కాయించను. కేడీయూ చేసిన పని అందంగా లేదు, కానీ అర్థమయ్యే పని.

ఇంకో దెబ్బ ఉంది, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. చెక్ ఓటరుకి బ్యాలెట్ పత్రాలు ముందే ఇంటికి వస్తాయి. తన పార్టీ జాబితా తీసుకుని, అందులో నచ్చిన అభ్యర్థుల నంబర్ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టొచ్చు, అప్పట్లో ఇద్దరికి. తగినన్ని సున్నాలు పడ్డ అభ్యర్థి జాబితాలో ఎంత కింద ఉన్నా పైకి ఎగబాకుతాడు. కేడీయూ ఓటరు వంటింటి బల్ల మీద ఆ కాగితం పెట్టుకుని, జాబితాలో తనకి తెలియని ప్రాగ్ లిబరల్ పేరుని దాటేసి, తన ఊరి పక్క డాక్టరుకో మేయరుకో సున్నా చుట్టాడు. ఫ్రీడమ్ యూనియన్ ఓటరు ఎక్కువగా ఆ పనే చేయలేదు, ఉన్న జాబితా ఉన్నట్టు కవర్లో పెట్టేశాడు. 31 సీట్లలో మర్వానొవా పార్టీకి దక్కినవి పదికి లోపే. నాయకులు గదిలో కూర్చుని పంచుకున్న సీట్లని ఓటర్లు పెన్నుతో తిరగరాశారు.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. సోషల్ డెమొక్రాట్లకి 70, వీళ్లకి 31, కలిపి 101, అంటే మెజారిటీ ఒకే ఒక్క ఓటు. వ్లాదిమీర్ ష్పిడ్ల ప్రధాని, స్వొబొదా విదేశాంగ మంత్రి. మర్వానొవా పార్టీ అధ్యక్ష పదవి వదిలేసి, సెప్టెంబర్‌లో వరదల తర్వాత తెచ్చిన పన్నుల బిల్లుకి వ్యతిరేకంగా ఓటేశారు, బిల్లు పడిపోయింది. 2006లో ఆమె పాత పార్టీకి 0.3 శాతం వచ్చింది. ఓడీఏ 2007లో మూతపడింది. కేడీయూ ఇప్పటికీ ఉంది.

మన టేబుల్ మీదకి వస్తే

మనకి ఈ శాతాల గోడలు లేవు, కాబట్టి ఈ కేసు ఎందుకని అడుగుతారు. మన అసెంబ్లీ సీటు చెక్ సెనేట్ సీటులాంటిది, అక్కడ ఓటు బదిలీయే అంతా. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో జనసేన 21 చోట్ల పోటీ చేసి 21 గెలిచింది, బదిలీ పూర్తిగా జరిగిందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. 2018లో తెలంగాణలో నాలుగు పార్టీలు కలిసినా కాంగ్రెస్‌కి 19, టీడీపీకి 2, మిగతా ఇద్దరికి సున్నా, అక్కడ కూడిక వేరు, బదిలీ వేరు అని తేలింది. అంటే మన దగ్గర కూడా ఎన్నిక మారితే భాగస్వామి విలువ మారుతుంది. అసెంబ్లీకి పనికొచ్చిన పొత్తు మున్సిపల్ వార్డుల్లో పనికిరాకపోవచ్చు, అక్కడ ప్రతి పార్టీకి ప్రతి వీధిలో టికెట్ ఆశించే మనిషి ఒకడుంటాడు. ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఇంకో లెక్క. అందుకే మా దగ్గర పొత్తు నోట్ రాసేటప్పుడు ఒకే పట్టిక ఉండదు, ఎన్నికకొక పట్టిక, ప్రతిదాంట్లో ఒక్కో భాగస్వామి తెచ్చేది ఎంత, ఖర్చు పెట్టించేది ఎంత అని విడిగా రాస్తాం. ఒప్పందంలో ఏ ఎన్నిక దాకా అనేది కూడా రాయమంటాం, రాయడానికి నాయకులకి మొహమాటం, అది వేరే సంగతి.

చెక్ కథలో చివరి ముక్క. 2021 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ 10-15-20 మెట్లని కొట్టేసింది. కొత్త చట్టంలో రెండు పార్టీలకి 8, అంతకన్నా ఎక్కువైతే 11. అదే అక్టోబర్‌లో కేడీయూ, ఓడీఎస్, టాప్ 09 అనే మూడు పార్టీలు కలిసి 27.8 శాతంతో మొదటి స్థానంలోకి వచ్చాయి, అవును, అదే ఓడీఎస్. వాళ్ల పక్కనే ఇంకో పొత్తు, పైరేట్ల పార్టీ, మేయర్ల పార్టీ రెండూ కలిసి 37 సీట్లు గెలిచారు. మేయర్ల పార్టీ ఓటర్లు ఊరి మేయర్ల పేర్లకి సున్నాలు చుట్టేశారు. పొత్తులో పెద్దన్నలుగా మొదలైన పైరేట్లకి 37లో దక్కినవి నాలుగు.